ఎడమ కాలికి క్లచ్ దొరకలేదు (బందరు రోడ్డు ఫ్లైట్ సిమ్యులేటర్: 4/5)

నేను 30 ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గుంటూరు–విజయవాడ రూటే. "తాతయ్యా, ఈసారి విమానం నడుపుదువుగాని రా" అని మనవడు ఈ సిమ్యులేటర్‌కి, అంటే ఉత్తుత్తి విమానం నడిపించే చోటికి లాక్కొచ్చాడు. 45 నిమిషాలకి 1,500 రూపాయలు. గాల్లో చక్కర్లు వద్దు, ల్యాండింగ్ ఒక్కటే నేర్పమన్నాను. ఆ మాటకి నేర్పే కుర్రాడు తెగ సంబరపడ్డాడు. వచ్చినవాళ్లంతా కొండలకి గుద్ది నవ్వుకుని పోతారట.

సెస్నా 172 అనే చిన్న విమానంలో కూర్చోబెట్టి ఎదురుగా గన్నవరం రన్‌వే పెట్టాడు. 3,360 మీటర్ల పొడవు. ఇంత జాగాలో ఎక్కడో ఒకచోట దింపలేమా అనుకున్నా.

రన్‌వే పక్కన నాలుగు లైట్లుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన ఎత్తులో వస్తున్నట్టు. నాకు నాలుగూ ఎర్రబడ్డాయి, అంటే బాగా కిందికి జారిపోయాను. గాబరాగా ముక్కు పైకి లాగాను. 65 నాట్లు, అంటే గంటకి 120 కిలోమీటర్లు ఉండాల్సిన స్పీడు 50 నాట్లకి పడిపోయి, విమానం ఇంకా దిగిపోయింది. "మాస్టారూ, ఎత్తు తగ్గితే ఇంజను పెంచండి. ముక్కుతో స్పీడు చూసుకోండి" అన్నాడు. ఘాట్ రోడ్డులో గేరు సంగతి తెలిసినవాణ్ని కదా, ఇది వెంటనే ఎక్కింది.

రెండోసారి లైట్లు బాగానే వచ్చాయి గానీ, చివర్లో ముక్కు ముందున్న నేలనే చూస్తూ ఆలస్యంగా లాగాను. ధబ్బున తగిలి పైకెగిరింది. ఎగిరిందని కిందికి నొక్కబోతే కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అలా నొక్కితే ముందు చక్రం విరుగుతుందట. థ్రాటిల్ (ఇంజను పెంచే మీట) పూర్తిగా తోసి మళ్లీ పైకెళ్లి, చుట్టు తిరిగి రావాలట. బస్టాండులోకి తెచ్చిన బస్సుని ఆపకుండా బయటికి తిప్పుకుపోతే మా డిపోలో ఊరుకునేవాళ్లా? ఇక్కడ మాత్రం అదే మంచి పైలట్ లక్షణమట.

ఆ తర్వాత చెప్పిన మాటకే నేనిచ్చిన డబ్బు చెల్లిపోయింది. "రన్‌వే ఆ చివర చూడండి. ఇంజను తగ్గించి, నేలకి కొద్ది అడుగుల ఎత్తులో దిగకుండా పట్టుకోండి. దింపాలని చూడకండి, అదే దిగుతుంది." దిగింది. వెనక చక్రాలు ముందు తగిలాయి, నిలబడ్డ ప్యాసింజరు కూడా తూలనంత మెత్తగా. ఆ సంతోషంలో యోక్‌ని (విమానం ముక్కునీ రెక్కల్నీ వంచే చేతి పిడి) స్టీరింగులా తిప్పి గడ్డిలోకి పోయాను. నేలమీద దారి తిప్పేది పెడల్సేనని అప్పుడు చెప్పాడు.

చివరిగా కుడివైపు నుంచి గాలి పెట్టాడు. ముక్కు గాలివైపు తిప్పి పక్కవాటుగా రావాలి. తగిలే ముందు ఎడమ పెడల్ నొక్కి ముక్కు సరిచెయ్యాలి, కుడి రెక్క కొంచెం వంచి పట్టుకోవాలి. ఎడమ పెడల్ అనగానే నా కాలు క్లచ్ తొక్కినట్టు అడుగంటా తొక్కేసింది. ఏమైందో చెప్పక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. పెడల్స్ టైల్స్ మీద జారిపోతున్నాయి, కింద రబ్బరు మ్యాట్ వెయ్యండి. స్పీడు తగ్గే కొద్దీ అసలు విమానంలో యోక్ వదులవుతుందట, ఇక్కడ స్ప్రింగు ఎప్పుడూ ఒకే బిగువు. దిగుతున్న సంగతి సీటుకి తెలీదు, అన్నీ కళ్లతోనే చూసుకోవాలి. పైగా పుట్టినరోజు పిల్లల గుంపు వచ్చిందని నా టైములో 7 నిమిషాలు కోసేశారు. అడిగితే వచ్చేసారి 10 నిమిషాలు ఎక్కువ ఇస్తామన్నారు.

ఆదివారం మాత్రం పోకండి. నేను మంగళవారం పొద్దున 11కి బుక్ చేసుకున్నాను, ఈసారి గాలి ఎడమవైపు నుంచి పెట్టమన్నాను.