బెంగళూరులో నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు: కట్టిన ఫీజుకు మాకు దక్కినది

మా అమ్మాయి 2021లో బెంగళూరులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో, మేనేజ్‌మెంట్ కోటాలో, కంప్యూటర్ సైన్స్‌లో చేరి 2025లో బి.ఇ. పూర్తిచేసింది. పరీక్షలన్నీ విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానివి. నాలుగేళ్లకు ట్యూషన్ ఫీజు 14 లక్షలు కాగా కళాశాల బస్సు, పరీక్ష రుసుములు, ల్యాప్‌టాప్ కలిపి మరో 3 లక్షలు అయ్యాయి. అంత డబ్బు పోసి చదివించడం దండగ కాదా అని అనంతపురంలోని మా బంధువులూ, బెంగళూరులో మేముండే మారతహళ్లిలోని తెలుగు ఇరుగుపొరుగువారూ ఏటా వేసవిలో అడుగుతూనే ఉంటారు కనుక మా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

మేము కర్ణాటకకు వచ్చి అప్పటికి నాలుగేళ్లే అయింది. రాష్ట్రంలో కనీసం ఏడేళ్లు చదివి ఉండాలన్న నిబంధన వల్ల కర్ణాటక ప్రభుత్వ ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సి.ఇ.టి.) ద్వారా ప్రభుత్వ కోటా సీటుకు అమ్మాయి అర్హురాలు కాలేదు. కర్ణాటకలోని ప్రైవేటు కళాశాలల సీట్లకు జరిగే కామెడ్‌కె ప్రవేశ పరీక్ష అన్ని రాష్ట్రాలవారూ రాయవచ్చు గాని, ఆమెకు వచ్చిన ర్యాంకుకు కోరుకున్న బ్రాంచి దొరకలేదు. తరగతిలో ఆమె పక్కన కూర్చున్న హుబ్బళ్లి అమ్మాయి సి.ఇ.టి. సీటుకు ఏటా కట్టినది మేము కట్టినదానిలో మూడో వంతు కూడా లేదు. ఇద్దరికీ బల్ల ఒకటే, పాఠం ఒకటే, చివరికి చేతికొచ్చిన పట్టా కూడా ఒకటే. కళాశాల చదువుకు విలువ ఉందా లేదా అని వాదించేవారు, ఆ చదువు ఎవరికి ఎంతకు పడిందో ముందుగా చెప్పాలని నాకు అప్పుడే అనిపించింది.

బోధన విషయంలో మాకు మిగిలింది నిరాశే. నాలుగో సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే అధ్యాపకురాలు మధ్యలో మానేసి వెళ్లిపోగా, ఆమె స్థానంలో ఇంకొకరిని తీసుకోవడానికి యాజమాన్యానికి ఆరు వారాలు పట్టింది. ఐ.ఐ.టి.లూ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థా (ఐ.ఐ.ఎస్‌సి.) కలిసి నడిపే ఎన్‌పిటెల్ ఆన్‌లైన్ పాఠాలను పిల్లలు ఇంట్లో ఉచితంగా చూసుకుని ఆ పరీక్ష గట్టెక్కారు. అయినా విశ్వవిద్యాలయం అడిగే 85 శాతం హాజరు కోసం, పాఠం లేని గంటలో కూడా తరగతిలో కూర్చోవలసి వచ్చింది. రానూపోనూ మూడు గంటలు బస్సులో నలిగి ఖాళీ గదిలో కూర్చుని వచ్చిన ఆ పిల్ల ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

అదే కళాశాలలో చివరి ఏడాది ప్రాజెక్టుకు గైడుగా ఉన్న ఒక పెద్దాయన, నలుగురు విద్యార్థులు రాసిన ప్రోగ్రామును ఒక్కో వరుసా చదివించి, ప్రతి నిర్ణయానికీ కారణం అడిగేవారు. తాను చేసిన పనిని పదిమంది ముందు నిలబడి సమర్థించుకోవడం మా అమ్మాయికి అబ్బింది ఆయన దగ్గరే. నోరు విప్పడానికే జంకే పిల్ల కన్నడం ధారాళంగా మాట్లాడటం నేర్చింది. హుబ్బళ్లి, కలబురగి స్నేహితులు సంపాదించుకుంది. ఉద్యోగం ప్లేస్‌మెంట్ విభాగం చూపినది కాదు, ఒక సీనియర్ చెప్పిన ఇంటర్న్‌షిప్ ద్వారా దొరికినది. అయితే చేరేటప్పుడు ఆ సంస్థ పట్టా అడిగింది, అది లేకపోతే లోపలికి రానిచ్చేది కాదు.

విద్యారుణం గురించి ఒక్క మాట. పూచీకత్తు లేకుండా 7.5 లక్షల వరకు బ్యాంకు ఇచ్చింది, చదువు ముగిసిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. ఈ రుణం వడ్డీపై ఆదాయపు పన్నులో వచ్చే మినహాయింపు కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి లేదు. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది.

ఇదే కళాశాలలో సి.ఇ.టి. ధరకు సీటు వస్తే చేరమనే చెబుతాను. మేము కట్టిన ధరకు మాత్రం వద్దంటాను. చేరేముందు సెమిస్టర్ నడుస్తున్న రోజున వెళ్లి ప్రయోగశాలలు చూడండి. సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్.బి.ఎ. ఇచ్చే గుర్తింపును కళాశాల మొత్తానికి కాక ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు కాబట్టి మీ బ్రాంచికి ఉందో లేదో అడగండి.

మా అబ్బాయి వచ్చే ఏడాది ఇంటర్ పూర్తిచేస్తాడు. కామెడ్‌కెలో మంచి ర్యాంకు రాకపోతే అనంతపురంలో కన్వీనర్ కోటా సీటు తీసుకుంటాడు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022లో అనుమతించింది కనుక, దాంతోపాటే జె.ఇ.ఇ. ర్యాంకు అడగని మద్రాసు ఐ.ఐ.టి. ఆన్‌లైన్ బి.ఎస్. డేటా సైన్స్ కూడా మొదలుపెడతాడు. మేనేజ్‌మెంట్ సీటు మాట ఈసారి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.