పొద్దున గుట్ట, పగలు మగ్గం: భువనగిరి, పోచంపల్లి యాత్ర

హైదరాబాద్ నుంచి వారాంతం ట్రెక్కులు నడిపేవాళ్లు ఇప్పుడు గుట్ట ఒక్కటే ఎక్కించి పంపట్లేదు. పొద్దున ఎక్కడం, తర్వాత ఏదో ఒక చేతిపని ఊరు, రెండూ కలిపి ఒకే ప్యాకేజీ. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. అందుకు భువనగిరి, పోచంపల్లిని మించిన జంట ఉమ్మడి నల్లగొండలో నాకు కనబడలేదు. బాధల్లా పోచంపల్లికి మిగిల్చే సమయం గురించే.

భువనగిరి గుట్ట మొత్తం ఒకే రాయి. ఎత్తు సుమారు 500 అడుగులు. ఎండెక్కితే రాయి కాలుతుంది, దారిలో నీడ తక్కువ. కోట తెరిచే వేళ ముందే కనుక్కొని, వీలైనంత పొద్దున్నే మెట్లు మొదలుపెట్టండి. చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి నాటి కోట ఇది. పైన బారాదరి (చుట్టూ ద్వారాలున్న మండపం), నీటి గుంటలు, చుట్టూ కనిపించే పొలాలు తీరిగ్గా చూడాలి.

తాడు పట్టుకుని రాయి ఎక్కడం మాత్రం వేరే లోకం. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ పొందింది ఇక్కడే. మాకు నేర్పిన కుర్రాడు నడుము బెల్టు తను బిగించాక మళ్లీ మాతో లాగించి చూశాడు. వెనక్కి వాలి, పాదం మొత్తం రాతికి ఆనించి దిగమన్నాడు. తొందరపెట్టలేదు. సేవలో నేను ముందు చూసేది అదే. హెల్మెట్ తలకు సరిపోతుందా, ప్రాణరక్షణకు రెండో తాడు ఉందా అని అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునేవాళ్లయితే డబ్బు కట్టకండి.

పోచంపల్లిలో మమ్మల్ని తీసుకెళ్లిన ప్యాకేజీవాళ్లు చీరల దుకాణంలో దించి, ఇదే సాంస్కృతిక అనుభవం అన్నారు. అది నాకు సరిపోలేదు. అందుకే మిగతావాళ్లు బస్సెక్కినా మేం ఆగిపోయి, ఊళ్లో రాత్రి గది తీసుకున్నాం. వేడినీళ్లు రాలేదు గానీ పక్క శుభ్రంగా ఉంది. మర్నాడు బట్ట నేసేవాళ్ల ఇంటికి వెళ్తే అసలు పని కనబడింది. అర్ధచంద్రాకారంలో మేకులున్న ఆసు మీద నూలు అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆడుతుంది. ఎక్కువగా ఆడవాళ్లే చేసిన పని, భుజాలు పడిపోయేవి. తల్లి కష్టం చూడలేక ఆలేరు వైపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత చిటికి కట్టడం: రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి, అద్దకంలో ముంచుతారు. అంటే బట్ట పుట్టకముందే బొమ్మ నూలులో ఉంటుంది. మగ్గం మీద పోగుకు పోగు కలిస్తేనే అంచు కుదురుతుంది.

"నిలవడి సూస్తె ఏం తెలుస్తది బిడ్డా, కూసో" అని ఆ ఇంటి అమ్మ పీట వేసింది. ఆమె చెప్తుంటే గంటలు గడిచాయి. కొనమని ఒక్క మాట అనలేదు. ఇలాంటి ఇంట్లో పని ఆపి చూపించినందుకు చేతిలో కొంత పెట్టడం న్యాయం. ప్యాకేజీ ధరలోనే నేత కుటుంబానికి వాటా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఊళ్లోనే వినోబా భావే జ్ఞాపక మందిరం కూడా ఉంది. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్లకు 100 ఎకరాలు ఇస్తానని వినోబాతో అన్నది ఇక్కడే. భూదానం మొదలైన ఊరు కాబట్టి ఆ మందిరం తప్పక చూడండి.

ఇదే ఊపులో నాగార్జునసాగర్ కూడా కలిపేద్దామనుకునేవాళ్లకు, వద్దంటాను. నాగార్జునకొండకు లాంచీ ప్రయాణం, 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం, రెండింటికీ విడిగా ఒక రోజు కావాలి. కొండ మీది మ్యూజియం శుక్రవారం ఉండదు. పోచంపల్లికి మాత్రం ఒక రాత్రి ఉంచుకోండి, బస్సు వేళకు కాకుండా మగ్గం ఆడే వేళకు వెళ్లండి.