ఏలూరు రోడ్డు షాపులో ఇన్వర్టర్ బ్యాటరీ: వారంటీ కార్డు మీదే మిగిలింది

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక షాపులో ఇన్వర్టర్ బ్యాటరీ కొన్నాను, 36 నెలల వారంటీ అని కార్డు మీద రాసి సంతకం కూడా పెట్టారు. 20వ నెలకే ఒక పక్క ఉబ్బిపోయి, టెర్మినళ్ల దగ్గర తెల్లటి పొడి పేరుకుని, యాసిడ్ కారి గచ్చు మీద అరచేయంత మచ్చ పడింది. తీసుకెళ్తే టెస్ట్ చెయ్యకుండానే "నీళ్లు సరిగ్గా పోయలేదండీ, వారంటీ రాదు" అనేశారు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే మాత్రం ఇవ్వరు.

దానికంటే నాకు ఒళ్లు మండింది ఇంకోటి, అక్కడి కుర్రాడు చేతులకు గ్లౌజులైనా లేకుండా పాత బ్యాటరీ వంచి యాసిడ్ మొత్తం సైడు కాలువలో పోశాడు. అందులో సీసం ఉంటుందండీ, పిల్లల మెదడుకు అది విషం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీ కంపెనీదే, తప్పితే పర్యావరణ పరిహారం కట్టాలి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక కంపెనీ మనిషి వచ్చి మీటరు పెట్టి చూశాడు, వారంలో బ్యాటరీ మార్చారు. మార్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాణ్ణి, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. బిల్లు, కార్డు పారేయకండి. ఈ షాపుకి ఒక్క స్టారే ఇస్తున్నాను, అంత తక్కువ ఇవ్వడం ఆ కాలువలో యాసిడ్ పోసినందుకే.