రెడ్ సాక్స్ 2004 ప్లేఆఫ్స్, కోత లేని పూర్తి మ్యాచ్‌లు: ఏళ్ల తరబడి చూశాక

బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ 2004 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర ట్రోఫీ కోసం జరిగే సిరీస్‌లలో, ఆడిన మ్యాచ్‌ల డిస్కులివి. ఈ డిస్కుల సెట్ నాకు ఇష్టం కావడానికి కారణం ఒక్కటే. బంతికీ బంతికీ మధ్య గడిచే సమయాన్ని ఇందులో కత్తిరించలేదు. పిచ్చర్ (బంతి విసిరేవాడు) టోపీ సర్దుకోవడం, క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని పట్టేవాడు) సైగ నచ్చక తల అడ్డంగా ఊపడం, బ్యాటర్ పక్కకు జరిగి గ్లవ్స్ బిగించుకుని మళ్లీ వచ్చి నిలబడటం, అన్నీ జరిగింది జరిగినట్టే ఉన్నాయి. ఇన్నింగ్స్‌ల మధ్య వచ్చే ప్రకటనలు మాత్రం తీసేశారు. మేం మసాచుసెట్స్‌లో ఉంటాం, ఇక్కడి చలికాలం ఎంత పొడుగో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ రాత్రుల్లో మా ఇంట్లో ఎక్కువగా తిరిగేవి ఈ డిస్కులే.

2004 అక్టోబర్ కథ ఇక్కడ ఉండేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో వరసగా మూడు ఓడి, తర్వాత వరసగా నాలుగు గెలిచింది బోస్టన్. మేజర్ లీగ్‌లో అలా 0-3 నుంచి లేచి సిరీస్ గెలిచిన జట్టు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. అక్కడి నుంచి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్‌ను నాలుగుకి నాలుగు ఓడించి, 1918 తర్వాత మొదటిసారి ట్రోఫీ తెచ్చుకుంది. ఇదంతా హైలైట్స్‌లో పది నిమిషాల్లో చూడొచ్చు. చాలామంది అలాగే చూశారు. నేనూ మొదట అలాగే చూశాను. అందుకే పూర్తి మ్యాచ్ చూసినప్పుడు ఇది వేరే ఆట అనిపించింది.

యాంకీస్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో, మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ తీసుకోండి. యాంకీస్ 4-3 ఆధిక్యం, బంతి మ్యాచ్‌లు ముగించడంలో పేరుపడ్డ వాళ్ల పిచ్చర్ మారియానో రివేరా చేతిలో. బోస్టన్ బ్యాటర్ కెవిన్ మిలార్‌కి వాక్, అంటే కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి వెళ్లే అవకాశం, దొరికింది. అతని బదులు పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. హైలైట్స్‌లో ఆ తర్వాత కనిపించేది ఇంతే: రాబర్ట్స్ దూకుతాడు, క్యాచర్ పొసాడా విసురుతాడు, బంతి అందుకున్న జీటర్ గ్లవ్ దించేలోపు రాబర్ట్స్ చెయ్యి సెకండ్ బేస్ మీద ఉంటుంది. పూర్తి రికార్డింగ్‌లో దానికి ముందు రివేరా మూడుసార్లు ఫస్ట్ బేస్‌కి విసురుతాడు. ప్రతిసారీ ముందటి కంటే కాస్త గట్టిగా. రాబర్ట్స్ ప్రతిసారీ వెనక్కి దూకి, లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ అంతే దూరం ముందుకు వస్తాడు. మైదానంలో ఉన్న ప్రతి మనిషికీ అతను బేస్ దొంగిలించబోతున్నాడని, అంటే బ్యాటర్ కొట్టకముందే సెకండ్ బేస్‌కి పరిగెత్తబోతున్నాడని తెలుసు, రివేరాకి కూడా తెలుసు. ఆ మూడు విసుర్లలో ఉన్న టెన్షన్ అసలు దొంగతనంలో లేదు. ఫలితం తెలిసి కూడా నాకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి.

ఇంకో సంగతి, ఆ ఘట్టం ఇప్పటి ఆటలో అదే రూపంలో జరగదు. 2023 నుంచి పిచ్ క్లాక్, అంటే పిచ్చర్ బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం, వచ్చింది. దాంతో పాటు ఇంకో రూలూ వచ్చింది. ఒక బ్యాటర్ ఆడుతుండగా పిచ్చర్ రెండుసార్లే అలా ఆగి బేస్‌కి విసరొచ్చు. మూడోసారి విసిరి రన్నర్‌ని అవుట్ చేయలేకపోతే, అతన్ని తదుపరి బేస్‌కి పంపేస్తారు. అంటే నేటి రూల్ ప్రకారం రివేరా మూడో విసురుకే రాబర్ట్స్ నడుచుకుంటూ సెకండ్ బేస్‌కి వెళ్లిపోయేవాడు. కొత్త రూల్ వల్ల ఆట వేగం పెరిగింది, పిల్లలతో స్టేడియానికి వెళ్లేవాళ్లకు మంచిదే, కాదనను. కానీ ఈ డిస్కు విలువ నా దృష్టిలో ఆ రూల్ వచ్చాకే పెరిగింది.

హైలైట్స్ దాచిపెట్టే మరో ముక్క కూడా ఇక్కడే ఉంది. బిల్ మ్యూలర్ కొట్టిన దెబ్బకు రాబర్ట్స్ వచ్చి స్కోరు సమం చేశాక, అదే ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్‌కి బేస్‌లన్నీ నిండాయి, మూడు బేస్‌ల మీదా వాళ్ల మనుషులే. ఒక్క రన్ వస్తే గెలుపు. బ్యాట్ డేవిడ్ ఓర్టిజ్ చేతిలో ఉంది. అతను బంతిని గాల్లోకి లేపి అవుట్ అయ్యాడు. ఆ రాత్రి పన్నెండో ఇన్నింగ్స్‌లో పాల్ క్వాంట్రిల్ బంతిని హోమ్ రన్‌గా, అంటే మైదానం దాటేలా, కొట్టి గెలిపించిన ఓర్టిజే అందరికీ గుర్తు. తొమ్మిదిలో తల దించుకుని వెనక్కి నడిచిన ఓర్టిజ్ పూర్తి మ్యాచ్‌లోనే కనిపిస్తాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో యాంకీస్‌కి బేస్‌లు నిండినప్పుడు వచ్చి బెర్నీ విలియమ్స్‌ని అవుట్ చేసిన కర్టిస్ లెస్కానిక్ అనే బోస్టన్ పిచ్చర్ పేరు నేను అంతకు ముందు వినలేదు. ఆ మ్యాచ్ గెలుపు రికార్డుల్లో అతని పేరు మీదే ఉంది. మరో బోస్టన్ పిచ్చర్ కీత్ ఫౌక్ సంగతి మరీను. నాలుగు, ఐదు, ఆరు మ్యాచ్‌లలో మూడు రోజులూ వరసగా వేసి, వంద దాకా బంతులు విసిరాడు. మూడు డిస్కులు వరసగా చూస్తే అతని ముఖంలో అలసట పెరగడం కళ్లకు కడుతుంది.

ఇక నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఐదో మ్యాచ్. దాన్ని నేను మొదట్లో అంతగా పట్టించుకోలేదు. నాలుగో మ్యాచ్‌లో దొంగతనం ఉంది, ఆరో మ్యాచ్‌లో కర్ట్ షిల్లింగ్ చీలమండ దగ్గర రక్తం ఓడిన సాక్స్ ఉంది, ఏడులో జానీ డేమన్ గ్రాండ్ స్లామ్ (బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్) ఉంది. ఐదులో ఏముంది, చివర్లో ఓర్టిజ్ కొట్టిన ఒక సింగిలే (ఒక్క బేస్ దాకా వెళ్లే దెబ్బ) కదా అనుకునేవాణ్ణి.

మా నాన్నగారు ఓ శీతాకాలం నరసరావుపేట నుంచి మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆయనకు క్రికెట్ ప్రాణం, బేస్‌బాల్ తెలియదు, ఈ సిరీస్ ఎవరు గెలిచారో అసలే తెలియదు. బయట మంచు, లోపల ఖాళీ. మొదటి మూడు మ్యాచ్‌ల సారాంశం నోటితో చెప్పేసి నాలుగోది పెట్టాను. ఆట మెల్లగా అర్థమవుతోంది, రివేరా అంటే ఎవరో తెలిసింది, తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలైంది. అప్పుడు కాఫీ కోసం ఆపాం. మా ప్లేయర్‌లో ఆపగానే స్క్రీన్ కింద ఇంకెంత సమయం మిగిలిందో పడుతుంది. నాన్నగారు అది చూసి, "ఇంకా గంట పైనే ఉందిగా నాన్నా. అంటే ఈ రివేరా ఆపలేడన్నమాట" అన్నారు. అంతే. ఆ మూడు విసుర్లూ ఆయనకు మామూలు విసుర్లే అయిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కోత లేకపోవడమే ఈ సెట్ గొప్పతనం అన్నాను కదా, దాని లోపం కూడా అదే. మ్యాచ్ ఎంత పొడుగో ముందే తెలిసిపోతే కథ సగం బయటపడినట్టే. తయారుచేసినవాళ్లు ప్రతి డిస్కునీ ఒకే నిడివికి చేసి, చివర ఖాళీ స్క్రీనో, పాత ఫొటోలో పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

మర్నాడు ఐదో మ్యాచ్‌కి టీవీ అడుగు భాగానికి అట్టముక్క అతికించాను. రిమోట్ నా చేతిలోనే ఉంచుకున్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ 4-2 వెనక ఉంది. ఓర్టిజ్ హోమ్ రన్ కొట్టాడు, మిలార్‌కి మళ్లీ వాక్, రాబర్ట్స్ మళ్లీ వచ్చాడు, ట్రాట్ నిక్సన్ సింగిల్ కొడితే రాబర్ట్స్ థర్డ్ బేస్ చేరాడు. బోస్టన్ క్యాచర్ వారిటెక్ ఎత్తుగా కొట్టిన బంతికి రాబర్ట్స్ పరిగెత్తి వచ్చి స్కోరు సమం చేశాడు. తొమ్మిదిలో యాంకీస్‌కి టోనీ క్లార్క్ కొట్టిన బంతి కుడి మూల నేల మీద పడి ఎగిరి స్టాండ్‌లోకి వెళ్లింది. అది లోపలే ఉండి ఉంటే రూబెన్ సియెరా పరిగెత్తి వచ్చేసేవాడు, బహుశా యాంకీస్ అక్కడే సిరీస్ గెలిచేసేది. బంతి స్టాండ్‌లో పడింది కాబట్టి రూల్ ప్రకారం సియెరా థర్డ్ బేస్ దగ్గరే ఆగిపోయాడు. నాన్నగారు లేచి నిలబడ్డారు.

పదమూడో ఇన్నింగ్స్ దగ్గర అసలు సంగతి మొదలైంది. బోస్టన్ పిచ్చర్ టిమ్ వేక్‌ఫీల్డ్. అతని బంతి నకిల్‌బాల్, దాదాపు తిరగకుండా గాల్లో ఊగుతూ వస్తుంది, ఎటు పడుతుందో విసిరినవాడికీ తెలియదు. అతనికి ఎప్పుడూ పట్టేది డగ్ మిరబెల్లి, పెద్ద గ్లవ్ పెట్టుకుని. ఆ రాత్రి పడుతున్నది వారిటెక్. గ్యారీ షెఫీల్డ్ మూడో స్ట్రైక్‌కి ఊపి తప్పాడు, కానీ బంతి వారిటెక్‌ని దాటిపోయింది. అలాంటప్పుడు బ్యాటర్ పరిగెత్తొచ్చు, అందుకే అవుట్ కావలసినవాడు ఫస్ట్ బేస్ మీద నిలబడ్డాడు. ఆ ఇన్నింగ్స్‌లోనే ఇంకో రెండు బంతులు వారిటెక్ చేతుల్లోంచి జారిపోయాయి. సెకండ్ మీద ఒకడు, థర్డ్ మీద ఒకడు. ఇంకొక్కటి జారితే యాంకీస్ ముందుకెళ్తుంది.

"కీపర్ బైస్ ఇస్తున్నాడు, మార్చరేం?" అన్నారు నాన్నగారు. మిరబెల్లి బెంచ్ మీదే ఉన్నాడని చెప్పాను. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి తీసిన ఆటగాడు మళ్లీ లోపలికి రాలేడనీ, వారిటెక్ బ్యాట్ వదులుకోవాల్సి వస్తుందనీ చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. అక్కడి నుంచి ఆయన బ్యాటర్‌ని చూడటం మానేసి వారిటెక్ మోకాళ్లనే చూశారు. ప్రతి బంతికీ ముందు అతను ఎలా కదిలి కూర్చుంటున్నాడు, గ్లవ్ ఎంత ముందుకు చాపుతున్నాడు, బంతి అంచుకి తగిలి ఆగితే ఎలా ఊపిరి వదులుతున్నాడు, అదే ఆట అయింది ఆయనకు. చివరికి సియెరా ఊపి తప్పాడు, ఈసారి బంతి గ్లవ్‌లో ఉంది. నాన్నగారు నా భుజం మీద గట్టిగా చరిచారు. ఎన్నిసార్లు చూసినా నాకు పట్టని మనిషిని ఆయన మొదటిసారే పట్టుకున్నారు. అప్పటి నుంచి ఈ మ్యాచ్‌లో నేను చూసేది వారిటెక్‌నే.

ఆ తర్వాత పద్నాలుగో ఇన్నింగ్స్‌లో ఎస్తెబాన్ లొయైజా మీద ఓర్టిజ్ ఆడిన పది బంతులు. ఫౌల్ (గీత బయటికి పోయిన దెబ్బ) మీద ఫౌల్. ప్రతి ఫౌల్‌కీ స్టేడియం అరుపు లేచి పడుతుంది. పదో బంతి బ్యాట్‌కి సరిగ్గా కూడా తగల్లేదు, మెల్లగా వెళ్లి సెంటర్ ఫీల్డ్‌లో పడింది, డేమన్ వచ్చేశాడు. 5-4. మొత్తం 5 గంటల 49 నిమిషాలు, అప్పటికి ప్లేఆఫ్స్‌లో అంతసేపు సాగిన మ్యాచ్ లేదు. నాలుగో మ్యాచ్ ముగిసింది అక్టోబర్ 18 తెల్లవారుజామున 1:22కి, ఇది ముగిసింది అదే తేదీ రాత్రి. ఒకే తేదీన ఒకే మనిషి రెండు మ్యాచ్‌లు ముగించాడు.

ఇంత చెప్పాక కొన్ని సవరణలు చెప్పాలి. కోత లేకపోవడం అన్ని మ్యాచ్‌లకూ వరం కాదు. 19-8తో ఓడిన మూడో మ్యాచ్ పూర్తిగా చూడటం శిక్ష. రెడ్ సాక్స్ అభిమానులకే కాదు, బేస్‌బాల్ ఇష్టపడే ఎవరికైనా. ఏడో మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లో డేమన్ గ్రాండ్ స్లామ్‌తోనే చేతికొచ్చేసింది, తర్వాత రెండు రోజుల విశ్రాంతితోనే వచ్చి ఆరు ఇన్నింగ్స్‌లలో ఒకే ఒక్క హిట్ ఇచ్చిన బోస్టన్ పిచ్చర్ డెరెక్ లో (Lowe) కోసం చూడొచ్చు, అంతే. ఆరో మ్యాచ్‌లో అంపైర్లు అందరూ గుమిగూడి రెండు నిర్ణయాలు మార్చే చోట్లు, అంటే మార్క్ బెల్‌హార్న్ హోమ్ రన్, యాంకీస్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్ చేత్తో కొట్టి బంతి రాల్చిన ఘటన, పూర్తి నిడివిలో చాలా బాగున్నాయి. మిగతాది వేగంగా దాటించేస్తాను. వరల్డ్ సిరీస్ డిస్కులు ఏడాదికోసారి కూడా బయటికి రావు.

పైన ప్రకటనలు తీసేశారని మెచ్చుకున్నాను. ఇప్పుడు అదీ కొంచెం తక్కువ నచ్చుతోంది. ఆ విరామాల్లో బుల్‌పెన్‌లో (తర్వాతి పిచ్చర్లు సిద్ధమయ్యే చోట) ఎవరు వేడెక్కుతున్నారో, ఎవరు కూర్చున్నారో ఒక్క ముక్కా లేకుండా పోయింది. వేక్‌ఫీల్డ్ ఒక్కసారిగా ఊడిపడినట్టు ఉంటుంది. బొమ్మ నాణ్యత పాత డివిడిదే, ఇప్పటి పెద్ద టీవీలో స్కోరు పట్టీ మసకగా కనిపిస్తుంది.

ఇదే ముచ్చటతో 2018 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ పూర్తి రికార్డింగ్ చూడాలని కూర్చున్నాను. 18 ఇన్నింగ్స్, 7 గంటల 20 నిమిషాలు, రెడ్ సాక్స్ ఓడింది. నేథన్ ఇవాల్డి ఆరు ఇన్నింగ్స్ పైగా ఒక్కడే మోసి, మాక్స్ మన్సీ హోమ్ రన్‌కి ఓడిన తీరు చూస్తే మనసు విరుగుతుంది. అవతలి డగ్‌అవుట్‌లో డాడ్జర్స్ మేనేజర్‌గా నిలబడింది ఆ డేవ్ రాబర్ట్సే. అంత పొడుగు మ్యాచ్ మాత్రం నా వల్ల ఒక్క రాత్రిలో కాలేదు. కాబట్టి ఓపికకు హద్దు నాకూ ఉంది.

కొనాలా అంటే, మీ పరిస్థితిని బట్టి. నాకు ఇది దగ్గరి జట్టు, చలికాలం రాత్రులు ఖాళీ, డిస్క్ ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండి కుతూహలంతో చూడాలనుకునేవాళ్లు కొనక్కర్లేదు, మేజర్ లీగ్ వాళ్ల సొంత యూట్యూబ్ ఛానెల్లో పాత ప్లేఆఫ్ మ్యాచ్‌లు చాలా పూర్తిగా, ఉచితంగా ఉన్నాయి. అక్కడ కూడా నిడివి బయటపడే బాధ తప్పదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఐదు గంటల మ్యాచ్ కుదరదు, అలాంటివాళ్లు నాలుగోది ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి, ఐదోది కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. పక్కన ఫలితం తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, ఆట పెట్టే ముందే టీవీ కింద అట్టముక్క అతికించండి.