మంగళ, శుక్రవారాలు తప్ప: మూడేళ్ల ఫేస్ రేజర్ వాడకం

ముందు మా అత్త పెట్టిన షరతు చెప్పాలి. నా చేతిలో రేజర్ చూసిన రోజు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏం మే, మొగోళ్ల మాదిరి గీసుకుంటాండావా?" అంది. అవునన్నాను. "సరే, నీ మొగం నీ ఇష్టం. మంగళవారం, శుక్రవారం మాత్రం ఇంట్లో కత్తి తీయొద్దు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడేళ్లయింది, ఆ మాట ఒక్కసారి కూడా దాటలేదు. నాకు వీలుగా ఉండేది ఎలాగూ ఆదివారం రాత్రే.

నా వయసు 34. తిరుపతి ఎండలో రోజూ బండి మీద ఆఫీసుకు పోయి వచ్చేదాన్ని. చెంపల మీద, చెవుల ముందు నూగు కాస్త ఎక్కువ. మామూలుగా చూస్తే ఎవరికీ తెలియదు. సన్‌స్క్రీన్ రాసుకున్నాక మాత్రం ఆ నూగుకు తెల్లగా పట్టుకుని, పిండి మిల్లులోంచి వచ్చినదానిలా ఉండేదాన్ని. ఒక పెళ్లిలో ఫొటోగ్రాఫర్ లైటు పక్కనుంచి పడేసరికి ఫొటోలో నాకంటే నా నూగే బాగా పడింది.

అంతకుముందు అన్నీ చేశాను. చిన్నప్పుడు అమ్మ సున్నిపిండితో రుద్దేది, శుక్రవారం పసుపు రాసేది. నూగు రాలిపోతుందని ఆమె నమ్మకం. నా ముఖం పచ్చబడింది గానీ ఒక్క వెంట్రుకా రాలలేదు. తర్వాత బ్లీచ్. గోధుమరంగు చర్మం మీద బంగారు రంగు వెంట్రుకలు ఎండలో ఎలా మెరుస్తాయో చేయించుకున్నవాళ్లకే తెలుస్తుంది. త్రెడింగ్ పై పెదవికి బాగానే ఉండేది, చెంపలకు చేయిస్తే రెండో రోజుకల్లా చిన్న చిన్న పొక్కులు. ఇక వాక్స్ సంగతి చెప్పను, ఒక పార్లర్‌లో పై పెదవి మీద చర్మం కూడా కలిసి వచ్చేసింది. మరుసటి రోజు మా పిన్ని కూతురి నిశ్చితార్థం.

ఇన్ని పడ్డాక కూడా రేజర్ ముట్టుకోవడానికి ఏడాది ఆలోచించాను. కారణం అందరికీ తెలిసిందే. గీస్తే ఒత్తుగా వస్తాయి, గడ్డం వస్తుంది. ఈ భయం మా ఊళ్లో కాస్త ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ గుండు రోజూ కళ్ల ముందు కనిపించే విషయం. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, నెత్తిన గంధం రాసుకుని దిగివచ్చే పిల్లల్ని చూస్తూ పెరిగినవాళ్లం. "గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది" అనే మాట వినని ఇల్లుండదు. తలకు మంచిదన్న అదే మాట ముఖానికి వచ్చేసరికి శాపం అవుతుంది.

నిజానికి రెండు చోట్లా ఆ మాట తప్పే. వెంట్రుక పుట్టేది చర్మం లోపల కుదురులో. బ్లేడు కోసేది పైన కనిపించే చచ్చిన భాగాన్ని. కుదురుకు ఆ సంగతే తెలియదు. సహజంగా వెంట్రుక కొస సన్నగా సూదిలా ఉంటుంది. కోసినప్పుడు మొండిగా అవుతుంది కాబట్టి తిరిగి మొలిచేటప్పుడు వేలికి గరుకుగా తగులుతుంది, మందంగా అనిపిస్తుంది. పసిపిల్లలకు గుండు తర్వాత జుట్టు ఒత్తుగా వచ్చిందంటారే, గుండు కొట్టించకపోయినా ఆ వయసులో పుట్టు వెంట్రుకలు పోయి మందమైనవి వస్తాయి. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1928లోనే కొందరు మగవాళ్ల గడ్డాలు గీయించి, వెంట్రుకలు కొలిచి, గీసినంత మాత్రాన మందం గానీ పెరిగే వేగం గానీ మారవని తేల్చారు. దాదాపు వందేళ్లయినా ఆ మాట మా వీధి దాకా రాలేదు.

చదివితే నమ్మకం కుదరలేదు, నా మీదే చేసి చూసుకున్నాను. మొదటి నాలుగు నెలలు ఎడమ చెంప మాత్రమే గీశాను, కుడి చెంప వదిలేశాను. మా ఆయనకు చెప్పలేదు. నాలుగు నెలలయ్యాక గీయడం ఆపి ఆరు వారాలు ఆగాను. అప్పుడు ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి, ఏ చెంప మీద ఎక్కువుందో చెప్పమన్నాను. ఆయన చాలాసేపు చూసి కుడి అన్నాడు. అంటే గీయనిది. ఇది పరిశోధన కాదు గానీ నా టెన్షన్ పోవడానికి అది చాలింది.

ఇక వాడకం సంగతి. నేను వాడేది కనుబొమ్మలు సర్దుకోవడానికి అమ్మే పొడుగు రేజర్. బ్లేడు మీద సన్నటి పళ్ల రక్ష ఉంటుంది, దానివల్లే లోతుగా తెగదు. మూడింటి ప్యాకెట్ నాకు 150 నుంచి 200 రూపాయల మధ్య దొరుకుతోంది. మగవాళ్ల రేజర్ ఒకసారి ప్రయత్నించాను, తల పెద్దది కావడంతో ముక్కు పక్కన, పెదవి అంచున తిరగదు. క్లినిక్‌లో చేసే డెర్మాప్లేనింగ్ ఇదే పని అనుకుంటారు, కానీ వాళ్లు వాడేది రక్ష లేని సర్జికల్ బ్లేడు. అది ఇంట్లో అద్దం ముందు నిలబడి చేసుకునే పని కాదు.

పూర్తిగా పొడి ముఖం మీద లాగితే మంట. తడి ముఖం మీద అయితే నూగు అంటుకుపోయి కనిపించదు. నాకు కుదిరింది కలబంద జెల్ పల్చగా రాసి గీయడం. కొబ్బరినూనె రాస్తే బ్లేడు పళ్లలో జిడ్డు పేరుకుంటుంది. మొదట్లో, కొండ మీద గుండుకు రాస్తారు కదా అని గీసుకున్నాక గంధం కూడా రాసి చూశాను. ఆరాక చర్మం పట్టేసినట్టయింది, మళ్లీ రాయలేదు. రెండో చేత్తో చర్మాన్ని కాస్త బిగబట్టి, బ్లేడును ఏటవాలుగా పెట్టి, పైనుంచి కిందికి చిన్న చిన్నగా గీయాలి. ఒకే చోట నాలుగుసార్లు లాగాలనిపిస్తుంది, అక్కడే చెయ్యి ఆపుకోవాలి. కనుబొమ్మల మధ్య, జుట్టు మొదలయ్యే చోట నేను ముట్టుకోను. నుదుటి పైన ఒకసారి చెయ్యి జారి ముంగురులు పోతే మూడు నెలలు బొట్టుబిళ్ల కింద దాచలేక, పైన దాచలేక అవస్థపడ్డాను.

ఒక్కో రేజర్ మూడు నాలుగుసార్లు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, తుడవకుండా పెడితే రెండో వారానికే చుక్కలు చుక్కలుగా తుప్పు. స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, బాత్రూంలో కాకుండా బీరువాలో పెడతాను. ఎవరికీ ఇవ్వను, ఎవరిదీ వాడను. కంటికి కనబడని చిన్న గాటు చాలు, హెపటైటిస్ లాంటివి రక్తం ద్వారా అంటుకోవడానికి. కల్యాణకట్టలో మనిషి మనిషికీ బ్లేడు మార్చేది ఊరికే కాదు కదా.

ఫలితం? నూగుతో పాటు పైన పేరుకున్న మృతకణాల పొర కొంత పోతుంది, అందుకే మరునాడు ముఖం నున్నగా, వెలుగు పడ్డట్టు ఉంటుంది. ఆ వెలుగు రెండు మూడు రోజులే. రంగు మారదు, మచ్చలు పోవు, రంధ్రాలు మూసుకోవు. సన్‌స్క్రీన్ మాత్రం చక్కగా కలిసిపోతుంది, నాకు కావలసింది అదే. మరునాడు పొద్దున అదే సన్‌స్క్రీన్ చురుక్కుమంటుంది, అది కూడా చెప్పాలి. మే నెలలో చెమటకు మరీ. మొటిమలు ఉన్న వారం గీయకూడదు, తల తెగితే మరింత రేగుతాయి.

నా పెద్ద తప్పు రెండో ఏడాది జరిగింది. మొటిమలకు రాత్రిపూట అడాపలీన్ జెల్ రాస్తున్నాను. అది చర్మాన్ని సున్నితంగా చేస్తుందని తెలిసి కూడా, ఊరెళ్లే తొందరలో పాత బ్లేడుతో దవడ మీద గట్టిగా లాగాను. మంట రెండు రోజుల్లో తగ్గింది. దాని తాలూకు నల్లమచ్చ పోవడానికి ఐదు నెలలు పట్టింది. మన రంగు చర్మానికి ఇదే చిక్కు, గాయం మానినా దాని నీడ మానదు. ఇప్పుడు గీసుకునే ముందు మూడు రోజులు, తర్వాత రెండు రోజులు ఆ జెల్ ఆపేస్తాను.

చెంపలకు ఈ పద్ధతిని నేను నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. గడ్డం కింద సంగతి వేరు. అక్కడ నాకు ఏడెనిమిది నల్లటి మొండి వెంట్రుకలు వచ్చేవి. నూగు రెండు మూడు వారాలకు కనబడితే ఇవి మూడో రోజుకే తగిలేవి. నేను గీసేస్తూ పోయాను, ఏడాదిన్నర. కనబడకపోతే లేనట్టే అనుకున్నాను. నెలసరి రెండు నెలలకోసారి వస్తుంటే ఆ రెండింటినీ కలిపి చూసే బుద్ధి పుట్టలేదు. చివరికి చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆమె ముఖం చూడకముందే నెలసరి గురించి అడిగింది. హార్మోన్ల పరీక్ష, థైరాయిడ్, స్కాన్. తేలింది పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల నెలసరి తప్పి, ముఖం మీద వెంట్రుకలు వచ్చే సమస్య. మందులు మొదలుపెట్టినా వెంట్రుకల మీద ప్రభావం కనబడడానికి ఆరు నెలలు పడుతుందని ముందే చెప్పింది, అలాగే పట్టింది. గీయడం వల్ల అవి వచ్చాయా అని భయపడుతూ అడిగాను. "గీయడం వల్ల రాలేదు, గీయడం వల్ల నువ్వు రావడం ఆలస్యమైంది" అంది.

గడ్డానికి మాత్రం లేజర్ చేయించుకుంటున్నాను. దానికి ముందు త్రెడింగ్, వాక్స్ చేయకూడదు, వేరు లోపల ఉండాలి. గీసుకుని రమ్మంటారు! చెంపల నూగుకు కూడా చేసేయండి అన్నాను, డాక్టరమ్మ ఒప్పుకోలేదు. సన్నటి లేత వెంట్రుకలకు లేజర్ పనిచేయదు, పైగా మనలాంటి చర్మాల్లో ముఖం మీద కొందరికి వెంట్రుకలు పెరిగిన సందర్భాలు కూడా ఉన్నాయట. గీస్తే ఒత్తుగా వస్తాయని ఏడాది భయపడ్డాను, ఆ భయం పడాల్సింది లేజర్‌కన్నమాట.

మొన్న తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మా మరిది ఆడవేషం మొక్కు తీర్చుకున్నాడు. ఆఖరి మంగళవారం పొద్దున్నే మీసం తీసేసి నా దగ్గరికొచ్చి, "వదినా, నీ రేజర్ ఇయ్యి, కనుబొమ్మలు సర్దుకోవాల" అన్నాడు. నాది ఇవ్వను, ప్యాకెట్లోంచి కొత్తది తీసిచ్చాను. ఇస్తూ అత్త వైపు చూశాను. ఆమె వాడికి కట్టడానికి తన పట్టుచీర మడత విప్పుతోంది. "అత్తా, ఈరోజు మంగళవారం" అన్నాను. "గంగమ్మ మొక్కుకు వారమేంది మే" అని, వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చెంప సరిగ్గా రాలేదు, మీ వదినను గీయమను" అంది.