ఉప్పుగాలిలో పాత ర్యాలీ సైకిల్: బాగుచేసి ఏళ్ళ తరబడి తొక్కాక నా అభిప్రాయం

పాత రేసింగ్ సైకిల్ బాగుచేద్దామనుకునే వాళ్ళందరూ ముందు రంగు గురించే అడుగుతారు. విశాఖలో ఉండి ఆ పని చేసేవాళ్ళకి నా సలహా: రంగు జోలికి ఆఖర్న వెళ్ళండి, కుదిరితే అసలు వెళ్ళకండి. డబ్బూ ఓపికా బేరింగుల మీద, రిమ్ముల మీద, ఫ్రేము లోపలి తుప్పు మీద పెట్టండి.

నాది 1970ల నాటి ర్యాలీ కంపెనీ రికార్డ్ మోడల్, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైంది. మర్చంట్ నేవీలో పనిచేసిన మా పెదనాన్న తెచ్చుకున్నారు. వంచిన హ్యాండిల్, 10 గేర్లు, ఉక్కు ఫ్రేము, ముందు కొంగ తల బొమ్మ. హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు ఎగిరిపోయాక చాన్నాళ్ళు వానకి తడిసింది. అయినా ఫ్రేము నిక్షేపంగా ఉంది.

అన్నిటికన్నా సతాయించేది కాటర్ పిన్ను. పెడల్ రాడ్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే ఈ చిన్న మేకు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. సుత్తితో ఊరికే బాదితే పిన్ను ముందు వంగుతుంది, ఆ దెబ్బలు లోపలి బాల్స్ మీద పడి, అవి తిరిగే కప్పుల్లో గుంటలు పడతాయి. రాత్రంతా తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచాలి. రాడ్ కింద సరిగ్గా సరిపడే ఇనుప పైపు ముక్క నిలబెట్టాలి, దెబ్బ నేలకి పోయేలా. నట్టుని పిన్ను చివరికి సమంగా వదులు చేసి, ఇత్తడి ముక్క అడ్డం పెట్టి ఒక్క గట్టి దెబ్బ కొట్టాలి. వదిలేటప్పుడు టక్కుమని వేరే శబ్దం వస్తుంది, చెవికి తెలిసిపోతుంది. తీసిన పిన్ను మళ్ళీ వాడకూడదు. మన మామూలు సైకిళ్ళ పిన్నే కొంచెం ఆకురాయి పెడితే నాకు కూర్చుంది. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఎక్కించాలి, లేకపోతే పెడల్ రాడ్లు ఒక వరసలో ఉండవు.

పెడల్ యాక్సిల్ తిరిగే చోటుని బాటమ్ బ్రాకెట్ అంటారు, దాని కప్పుల దగ్గర ర్యాలీతో ఒక తిరకాసుంది. మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకి మర అంగుళానికి 24 చుట్లైతే నాటింగ్‌హామ్ ర్యాలీకి 26. పైగా చైను వైపు కప్పుది ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. కంచరపాలెంలో నాకు తెలిసిన ముసలాయన ఆ కప్పుల్ని గుడ్డతో తుడిచి చేతిలో పెట్టి, "ఇవి ఇక్కడ దొరకవు బాబూ, పాతవే దాచుకో" అన్నాడు. కిరసనాయిల్లో కడిగి, పావు అంగుళం బాల్స్ కొత్తవి వేసి గ్రీజు పెట్టాం. ఇప్పటికీ కిర్రుమనలేదు.

టైర్ల విషయంలో ఎవరి మాటా వినకండి. పాతది 27 అంగుళాలది. షాపులో "28 వేసేద్దాం సార్" అంటారు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 27కి 630 మిల్లీమీటర్లు, మన మామూలు సైకిళ్ళ 28కి 635. ఆ అయిదు చాలు, టైరు వదులైపోతుంది. నేను పాత హబ్‌లకే ఇప్పటి రేసింగ్ సైకిళ్ళ సైజు, అంటే 700సీ, అల్లాయ్ రిమ్ములు కట్టించాను. వాటి వ్యాసం 622, అంటే బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి జరగాలి. నా బ్రేకుల్లో ఆ జాగా ఉంది. మీరు రిమ్ములు కొనకముందే కొలుచుకోండి. హబ్‌లకి పుల్లలు ఎక్కే రంధ్రాలు 36, మామూలు సైకిల్ రిమ్ముల లెక్క వేరు కాబట్టి అవి ఎలాగూ పనికిరావు. ఈ ఒక్క మార్పే ఖర్చులో సగం మింగింది, కానీ అన్నిటికన్నా విలువైనదీ ఇదే. వానలో క్రోమ్ రిమ్ము మీద బ్రేకు వేయడమంటే దేవుడి మీద భారం వేయడమే.

ఇక ఉప్పుగాలి. క్రోమ్ మీది తుప్పుకి వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్క నీళ్ళలో తడిపి రుద్దితే చాలు. మచ్చ పోతుంది, గుంటలు మాత్రం పోవు. పైకి కనిపించే తుప్పుతో పెద్ద బాధ లేదు. ఫ్రేము గొట్టాల్లో తేమ చేరి లోపల్నుంచి తినేస్తుంది. సీటు రాడ్ తీసి పెయింట్ షాపులో దొరికే మరిగించిన లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పి ఆరబెట్టాను. అది ఆరి పొరలా గట్టిపడుతుంది. బీచ్ రోడ్డు నుంచి రాగానే మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, చైనుకి నూనె పెడతాను. బద్ధకించిన రోజు తెల్లారేసరికి చైను ఎర్రబడుతుంది. ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ చేయిస్తే మెరిసేదే, కానీ ఆ పాత అక్షరాలు పోయేవి. గీతలు పడ్డ చోట మైనం రాసి వదిలేశాను.

తొక్కడానికి ఎలా ఉంది? 13 కిలోల పైనే, బరువే. భీమిలి రోడ్డు మీద మాత్రం హాయి. సాగర్‌నగర్ దాటాక ఎదురుగాలి కొట్టినా ఉక్కు ఫ్రేము గతుకుల్ని మింగేస్తుంది, చేతులు తిమ్మిరెక్కవు. కైలాసగిరి ఘాట్‌కి పనికిరాదు. ముందు చిన్న చక్రానికి 40 పళ్ళు, వెనక పెద్దదానికి 28. ఎత్తు ఎక్కడానికి అది బరువైన గేరు, ఆ లెక్క కుర్రాళ్ళ మోకాళ్ళకి.

వెనక గేరు మార్చే సింప్లెక్స్ కంపెనీ పార్టు ప్లాస్టిక్‌ది, పగుళ్ళిచ్చింది. దాని బదులు చవక షిమానో టూర్నీ, యాక్సిల్‌కి బిగించే కొక్కెం ఉన్న రకం పెట్టాను. ఫ్రేము మీది పాత లివర్లకి క్లిక్కులు లేవు, ఎంత లాగితే అంత కదులుతుంది, అందుకే ఏ కంపెనీదైనా కలిసిపోతుంది. అసలు పార్టే ఉండాలని పట్టుబట్టేవాళ్ళకి ఇది నచ్చదు. వాళ్ళు గోడకి తగిలించుకోవచ్చు, నేను తొక్కుతాను.