మా పాత వంటింటి గోడకి రంగుల టైల్స్: నాలుగు నెలలు వాడాక

విజయనగరం కోటకి దగ్గర్లో మా ఇల్లు. మా మామగారి తండ్రి కట్టించారు. గానుగ సున్నం గోడలు, తాటి దూలాలు, పైన పెంకు, వంటింట్లో ఎర్ర గచ్చు. పొయ్యి వెనక గోడకి ఏటా సున్నం కొట్టించడం, రెండు నెలలు తిరక్కుండా పోపు జిడ్డు పట్టడం, ఇదే వరస. మొన్న మే నెలలో అక్కడ టైల్స్ వేయించాం. పాత ఇల్లున్న వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

షాపు పేరు రాయను. సరుకు బాగుంది, ఒక విషయంలో మాత్రం బాగా ఇబ్బంది పెట్టారు.

మొదటిసారి వెళ్లినప్పుడు అంత లైట్ల వెలుగులో పసుపు పువ్వుల టైల్ ఒకటి కళ్లకి తెగ నచ్చేసింది. "అందరూ ఇదే పట్టుకెళ్తున్నారమ్మా" అన్నాడు కుర్రాడు. బాక్సులు కొనకుండా రెండు పలకలకి డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఎంత మంచిపని చేశానో! మా వంటింటికి తూర్పున ఒక్కటే కిటికీ. పది దాటితే వెలుతురు తగ్గిపోతుంది. గోడకి ఆనించి చూస్తే ఆ పసుపు కాస్తా ఆవపిండి ముద్దలా కనిపించింది. పక్క అరలో మా అత్తగారు శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెలు, గిన్నెలు వరసగా ఉంటాయి. చింతపండుతో తోమిన ఆ ఇత్తడి ముందు టైల్ వెలవెలబోయింది.

రెండోసారి సంచిలో ఒక ఇత్తడి చెంబు, గచ్చు పెచ్చు ఒకటి పెట్టుకుని వెళ్లాను. నచ్చిన ప్రతి పలకనీ షాపు గుమ్మంలోకి, ఎండ వెలుతురులోకి తెప్పించి ఈ రెండిటి పక్కనా పెట్టి చూశాను. ఆకుపచ్చ, నీలిమందు రంగు, మధ్యమధ్యలో చిన్న ఎర్ర చుక్క ఉన్న టైల్ దగ్గర చెంబు నిజంగా మెరిసింది. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు, ఒక్కో పలక మీద ఆరంగుళాల గళ్లు ఆరు, ఆరింటికీ వేరే వేరే ముగ్గులు. చదరపు అడుగు 65 రూపాయలు పడింది. మా అత్తగారికి ఎనభై రెండేళ్లు. పలకని వేళ్లతో తడిమి, "పచ్చ బాగుంది గానీ, పొయ్యెనక సందుల్లో తెలుపు మాత్రం పెట్టించకమ్మా, పసుపు పట్టేస్తాది" అన్నారు.

ఆ మాట పట్టుకునే ఆ రాత్రి పరీక్ష చేశాను. కాచిన నూనెలో పసుపు కలిపి టైల్ మీద ఒక బొట్టు, గట్టిపడిన తెల్ల సిమెంటు ముద్ద మీద ఒక బొట్టు వేసి తెల్లవార్లూ ఉంచాను. పొద్దున టైల్ మీది మరక తడిగుడ్డతో పోయింది. సిమెంటు మీది మరక సబ్బుకీ నిమ్మకాయకీ కూడా లొంగలేదు. అందుకే జాయింట్లలోకి సిమెంటు బదులు బూడిద రంగు ఎపాక్సీ (నూనె పీల్చని రెసిన్ పూడిక) వేయించాం. ఖరీదు ఎక్కువే, అయినా ఒప్పుకోండి. మా చెల్లెలు తమిళనాడు ఆత్తంగుడి పలకలు వేయించమంది. అవంటే నాకూ ఇష్టమే, కానీ అవి సిమెంటు పలకలు. నూనె పీలుస్తాయి, చింతపండు పులుపు తగిలితే మచ్చ పడుతుంది. హాల్లో నేలకైతే సరే.

ఇక గోడ సంగతి. అసలు పనంతా ఇక్కడే. మా టైల్స్ మేస్త్రి ఆమదాలవలస వైపు మనిషి. వచ్చీరాగానే తాపీ వెనక్కి తిప్పి గోడంతా టకటకా కొట్టుకుంటూ పోయాడు. సింకు పక్కన చప్పుడు మారింది. "ఇదిగో, ఇక్కడ డొల్లగుంది. లోపల చెమ్మ ఉందమ్మా. ఇప్పుడు టైలేస్తే ఏటవుద్ది? ఆర్నెల్లకి పలక పలకా ఊడొస్తాది" అన్నాడు. గీరితే సున్నం పొడిలా రాలింది, ఇటుకల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. గోడ అవతల పైపు కారుతోంది! అది బాగుచేయించి, ఊడిన పూత కొట్టేసి, సున్నం, ఇసక, కొంచెం సిమెంటు కలిపి మళ్లీ పూసి, పదిహేను రోజులు ఆరబెట్టాం. మే ఎండలు కలిసొచ్చాయి. పైదాకా టైల్స్ వేయించుకోమని షాపులో చెప్పారు. మేస్త్రి వద్దన్నాడు, నేనూ ఆయన మాటే విన్నాను. సున్నం గోడకి గాలి ఆడాలి. గట్టు మీద రెండడుగులే వేయించి, పైన మామూలు సున్నమే ఉంచాం.

ఎనిమిదడుగుల గోడ, పక్కన మూడడుగులు. కింద వరసకి పదకొండు నిండు పలకలు, పైన ఆరంగుళాల ముక్కలు పదకొండు. ఒక పలకని గళ్ల గీత మీద కోస్తే మూడు ముక్కలొస్తాయి కాబట్టి మొత్తం పదిహేను సరిపోయాయి. బాక్సుకి ఆరు చొప్పున మూడు బాక్సులు తీసుకున్నాం. మేస్త్రి ముందు అన్నిటినీ హాల్లో చాప మీద పరిచి, ఒక పలక విడిచి ఒకటి తలకిందులుగా తిప్పాడు. దాంతో అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. అలా పరిచినప్పుడే మూడో బాక్సులో పచ్చ కాస్త నల్లగా ఉందని కనిపెట్టాడు. అట్టపెట్టె మీద షేడ్ నంబరు వేరే! ఫోన్ చేస్తే "గోడకెక్కాక కనపడదమ్మా" అన్నారు. ఎందుకు కనపడదు? రోజూ చూసేది నేను కదా. రెండు రోజులు తిరిగితే గానీ మార్చలేదు. బాక్సులు దించేటప్పుడే ఆ నంబర్లు సరిచూసుకోండి.

వేయించాక నచ్చనివి రెండు. కిటికీ అంచున కోసిన చోట టైల్ లోపలి బిస్కెట్ రంగు మట్టి కనిపిస్తోంది. అంచు ఏటవాలుగా అరగదీయమని ముందే చెప్పాల్సింది. రెండోది, ఎపాక్సీని వెంటనే తుడవకపోతే మసక పట్టేస్తుంది. సింకు మూలన రెండు పలకల మీద ఆ మసక ఉండిపోయింది. మిగతాదంతా తృప్తిగా ఉంది. చేపల పులుసు చిందినా, ఆవాలు పేలినా ఒక్క తుడుపు చాలు. పొద్దున కాఫీ వేళకి కిటికీ ఎండ ఆ నీలం గళ్ల మీద పడితే వంటిల్లు మునుపటికన్నా పెద్దదిగా అనిపిస్తోంది.

మిగిలిన మూడు పలకలు గోనెసంచిలో చుట్టి, షేడ్ నంబరు రాసి అటక మీద పెట్టాను. ఆ మూల మసక తీయడానికి మేస్త్రి మళ్లీ వస్తానన్నాడు. పైడితల్లమ్మ సిరిమాను పండగకి ఇంటినిండా చుట్టాలు వస్తారు, ఆలోపు రమ్మని గట్టిగా చెప్పాను.